రెక్కలు, అట్టపెట్టెలు, కార్తీకమాసం

మా ఫ్రీజర్‌లో రెండు కేజీల కోడి రెక్కలున్నాయి. అక్టోబర్ నెలాఖర్లో తగ్గింపు ధరకి వస్తే తెచ్చి పడేశాను. నవంబర్ 20న అమావాస్య వెళ్ళి కార్తీకమాసం అయ్యేదాకా వాటిని ముట్టుకునే వీల్లేదు. ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా మా ఆరేళ్ళవాడు వాటికేసి ఒకసారి, వాళ్ళ నాన్నమ్మకేసి ఒకసారి చూస్తున్నాడు. ఆవిడ మాత్రం ఎటూ చూడరు.

మేముండేది అమెరికాలో, బఫెలో పక్కనున్న ఆమ్‌హర్స్ట్‌లో. లోకమంతా బఫెలో వింగ్స్ అనే కోడి రెక్కల వంటకానికి పుట్టిల్లు ఇదే. ఇక్కడ మాత్రం ఉత్త వింగ్స్ అనాలి. హైదరాబాద్‌లో ఎవరైనా హోటల్‌కెళ్ళి హైదరాబాదీ బిర్యానీ ఇవ్వమని అడుగుతారా? అలాగన్నమాట.

అక్టోబర్ మొదట్లో ఒక స్నేహితురాలితో ఫోన్లో వాదన పెట్టుకున్నాను. హాలోవీన్ అంటే అక్టోబర్ 31 సాయంత్రం పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడిగే ఇక్కడి పండగ. దానికి పిల్లల వేషాలు, గుమ్మం ముందు అలంకరణ అన్నీ ఇంట్లోనే చేస్తానని తనకి తెలుసు. "పాతిక డాలర్లకొచ్చే డ్రెస్సు కోసం మూడు వీకెండ్‌లు పాడుచేసుకుంటావా? పైగా మన పండగ కూడా కాదు. ఆ టైమేదో సంక్రాంతికి పెట్టు" అంది. నేనేదో గొణిగి ఫోన్ పెట్టేశాను. సరైన జవాబు ఎప్పటిలాగే అంట్లు తోముతుంటే తట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

హాలోవీన్ పారేసేవాటితో చేసుకోవాల్సిన పండగ. కోడి రెక్కలు కూడా ఒకప్పుడు పారేసేవే. ఈ రెండూ మా ఇంట్లో ఒకే రాత్రి కలవడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. ఆ పారేసేవాటినే కొత్తవి, ఖరీదైనవి కొనుక్కొచ్చి "చేత్తో చేశాం" అని ఫొటోలు పెట్టుకోవడంతోనే నాకు పేచీ. రెడీమేడ్ డ్రెస్సు కొనేవాళ్ళతో నాకే గొడవా లేదు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సమ్మ పిల్లాడికి సూపర్‌మార్కెట్లో స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు కొనిస్తే అందులో తప్పేముంది? మా చిన్నాడికి కిందటేడు మేమూ కొన్నాం. వాడు దాన్ని డిసెంబర్ దాకా నైట్‌డ్రెస్‌గా వేసుకున్నాడు. నేను రెండు వారాలు కూర్చుని కుట్టిన ఏ వేషానికీ ఆ భాగ్యం దక్కలేదు, ఒప్పుకుంటాను.

నా పేచీ ఎక్కడ మొదలైందో చెప్తాను. మూడేళ్ళ క్రితం క్రాఫ్ట్ సామాన్లమ్మే పెద్ద షాపుకి జిగురు కోసం వెళ్ళి, అరవై డాలర్ల బిల్లుతో బయటపడ్డాను. "మీరే చేసుకోండి" అని రాసున్న దెయ్యాలకొంప కిట్ ఒకటి. లోపల ముందే కత్తిరించిన ఫోమ్ ముక్కలు, వాటి మీద అంకెలు. ఒకటో నంబరు ముక్కని రెండో నంబరు ముక్కకి అంటించాలి. పద్నాలుగో ముక్క అసలు పెట్టెలోనే లేదు. మా అమ్మాయి ఏడుపు మొహం పెట్టి "అమ్మా, ఇప్పుడు ఇల్లెలా కట్టాలి?" అంది. దాని పక్కనే ఆ కిట్ వచ్చిన అట్టపెట్టె ఉంది. కిటికీలు కోసుకుంటే నిక్షేపంలాంటి ఇల్లు. అది మా ఇద్దరికీ తట్టడానికి ఓ పావుగంట పట్టింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే రూలు. జిగురు, టేపు, రంగులకి కలిపి పది డాలర్లు. మిగతాదంతా చెత్తబుట్టలోంచో, బీరువా అడుగునుంచో రావాలి. పాలక్యాన్లలో చిన్న లైట్లు పెడితే దెయ్యాల తలకాయలవుతాయి, మొహాలు నల్ల మార్కర్‌తో గీయడమే. గుడ్ల అట్టలోంచి మూడేసి గుంటలు కత్తిరించి, పక్క రెండిటి అంచులు చెక్కి నల్లరంగేస్తే గబ్బిలాలు. నల్ల చెత్తసంచిని నాలుగు మడతలు పెట్టి పేపర్లో డిజైన్లు కోసినట్టు కోస్తే సాలెగూడు. వీటిలో ఏదీ అందంగా ఉండదు. మా గబ్బిలాల్లో సగం ఎలకల్లా ఉంటాయి. ఆరేళ్ళవాడు చేసింది ఆరేళ్ళవాడు చేసినట్టే ఉండాలి కదా. అమ్మ చేసి, పిల్లాడి పేరు పెట్టిన నాజూకు గబ్బిలం కన్నా షాపులో ప్లాస్టిక్ గబ్బిలమే నిజాయితీగల సరుకు.

ఇక్కడ వాతావరణం కూడా రెడీమేడ్ డ్రెస్సులకి శత్రువే. అక్టోబర్ 31 అంటే బఫెలోలో వాన కావచ్చు, గాలి కావచ్చు, ఒక్కోసారి మంచు కూడా. ఆ పల్చటి పాలియెస్టర్ డ్రెస్సు మీద కోటు వేస్తే వేషం కనపడదు, వెయ్యకపోతే పిల్లాడు వణికి చస్తాడు. అందుకే ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళెవర్ని కదిపినా స్నో కోటు మీద పట్టేలా అమ్మ కుట్టిన వేషం కథ ఒకటి చెప్తారు. అట్టపెట్టె వేషానికి ఆ బాధ లేదు. పెట్టె లోపల ఎన్ని స్వెట్టర్లయినా పడతాయి.

చేతిపని అన్నంత మాత్రాన అన్నీ కుదిరాయనుకోకండి. 2022లో మా అమ్మాయి ఈజిప్టు మమ్మీ వేషం వేస్తానంది. టాయిలెట్ పేపర్ రోల్స్ నాలుగు తెచ్చి దాని ఒళ్ళంతా చుట్టాను. ఫొటోల్లో అద్భుతం. మూడో ఇంటి దగ్గర తుంపర మొదలైంది. అయిదో ఇంటికొచ్చేసరికి ఈజిప్టు రాకుమారి కాస్తా తడిసిన అట్టుముక్కల్ని రోడ్డంతా రాల్చుకుంటూ నడుస్తోంది. ఇంటికొచ్చాక అత్తయ్య దాన్ని తువ్వాలుతో తుడుస్తూ, "పీలికలు కావాలంటే నన్నడగాలి గానీ కాగితం చుడతారుటమ్మా పిల్లకి" అన్నారు. ఆవిడ ఆ ఎండాకాలమే తెనాలి నుంచి వచ్చి మాతో ఉంటున్నారు. మర్నాడు పెట్టె అడుగునుంచి మామయ్యగారి పాత పంచె ఒకటి తీసి, నాలుగు వేళ్ళ వెడల్పున చింపి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరేశారు. ఎన్ని వందల ఏళ్ళనాటి గుడ్డో అనిపించే రంగు. పండగ అయిపోయిన మర్నాడు! ఆ పీలికల్ని ఇప్పటికీ దాచాం. గుమ్మం పక్క స్తంభానికి ఏటా చుడుతున్నాం.

"పూర్వం అందరూ చేత్తోనే చేసుకునేవాళ్ళు, ఇప్పుడే వ్యాపారమైపోయింది" అని నేననను. అది సగమే నిజం. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు చేసుకున్న మాట వాస్తవం. డోనెగల్ ప్రాంతంలో దొరికిన అలాంటి దుంప ముఖానికి పోతపోసిన నమూనా ఐర్లండ్‌లోని గ్రామీణ జీవన మ్యూజియంలో ఉంది. ఫొటో చూస్తే రాత్రి నిద్ర పట్టదు, మన గుమ్మడికాయ నవ్వులు దాని ముందు చిన్నపిల్లల బొమ్మలు. కానీ అమెరికాలో ఇంటి అలంకరణల ఆనవాయితీని ఊరూరా పాకించిన వాళ్ళలో మసాచుసెట్స్‌కి చెందిన డెనిసన్ అనే కాగితాల కంపెనీ ఉంది. హాలోవీన్‌కి ఇంట్లో ఏమేం చేసుకోవచ్చో నేర్పే చిన్న పుస్తకాలు 1909 నుంచి వేసింది. ఎందుకంటే వాళ్ళు అమ్మేది ముడతల కాగితం, అదే క్రేప్ పేపర్. ఆ తర్వాత బ్రూక్లిన్‌లోని బెన్ కూపర్ కంపెనీ ప్లాస్టిక్ ముసుగు, దానికి తోడు ఒక పల్చటి డ్రెస్సు, రెండూ పెట్టెలో పెట్టి ఒక తరం పిల్లలందరికీ అమ్మింది. ఇప్పుడైతే ఆగస్టు రాగానే ఖాళీగా పడున్న పెద్ద పెద్ద షాపుల్లో స్పిరిట్ హాలోవీన్ అనే కంపెనీ బోర్డులు వెలుస్తాయి, నవంబర్‌లో మాయమవుతాయి. అంటే చేతిపని అనే ముచ్చట కూడా నూరేళ్ళ క్రితమే అమ్మకం సరుకు. నా అరవై డాలర్ల కిట్ దాని మునిమనవరాలు.

ఒకసారి ఆ టర్నిప్ సంగతేంటో చూద్దామని అలాంటిదే రుటబేగా దుంప ఒకటి తెచ్చి తొలిచాను. గంటసేపట్లో ఒక స్పూను వంగింది, బొటనవేలు బొబ్బెక్కింది. ఐరిష్‌వాళ్ళు అమెరికా వచ్చాక గుమ్మడికాయకి ఎందుకు మారారో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

గుమ్మడికాయ విషయంలో అత్తయ్య పట్టుదల వేరు. ఆడవాళ్ళు గుమ్మడికాయకి మొదటి గాటు పెట్టకూడదు, మగవాళ్ళ చేత పెట్టించాలి. మొదటి ఏడాది మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా నేనూ, పిల్లా కత్తి పట్టుకుని కాయ ముందు కూర్చున్నాం. ఆయనొచ్చి షూ కూడా విప్పకుండా ఒక్క పోటు పొడిచి లోపలికెళ్ళిపోయాడు. ఇప్పుడు మా చిన్నాడు పెడుతున్నాడా గాటు. నాకీ నమ్మకం మీద బోలెడు అభ్యంతరాలున్నాయి గానీ, వాడికి ఆ రోజు దక్కే హోదా చూసి నోరు మూసుకుంటున్నాను. గుమ్మంలో గుమ్మడికాయ దేనికో మాత్రం అత్తయ్యకి ఎవరూ వివరించాల్సిన పని పడలేదు. "దిష్టికే కదా" అన్నారు. మన బూడిద గుమ్మడికాయకి మొహం ఉండదు, దీనికి ఉంది, అంతే తేడా.

కాయ లోపలి గుజ్జు పారేయడం ఇష్టంలేక దప్పళంలో వేశాను. వెయ్యకండి. దీపాల కోసం పెంచే ఆ పెద్ద గుమ్మడికాయలు పల్చటి కండతో, గట్టి తొడిమతో, చెక్కడానికి వీలుగా ఉండేలా ఎంచి పెంచినవి. రుచి వాళ్ళ లెక్కలో లేదు. పీచు, నీళ్ళు, అంతే. మా ఆయన రెండు ముద్దలు తిని "ఇందులో సొరకాయ ఎందుకేశావ్?" అన్నాడు. గింజలు మాత్రం వదలొద్దు. కడిగి, ఒక పూట ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి ఒవెన్‌లో వేయిస్తే సాయంత్రం గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళకి మంచి కాలక్షేపం.

గుమ్మం దగ్గర కూర్చోవడమే ఈ పండగలో నాకు నచ్చిన భాగం. "మన పండగ కాదు" అన్న స్నేహితురాలికి నా రెండో జవాబు కూడా అక్కడే ఉంది. మా తాతయ్య ఖమ్మం దగ్గర పల్లెలో చదువుకున్న రోజుల్లో దసరాకి అయ్యవారు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ వెళ్ళేవారట. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు. ప్రతి గుమ్మం ముందూ పద్యాలు, పాటలు. ఇంటివాళ్ళు అయ్యవారికి డబ్బులు, పిల్లలకి పప్పుబెల్లాలు ఇచ్చేవాళ్ళు. అది పంతులుగారి ఏడాది సంపాదనలో భాగం కూడా, కాబట్టి మరీ అందంగా ఊహించుకోనక్కర్లేదు. స్కాట్లండ్‌లో ఇదే హాలోవీన్‌కి వేషం కట్టిన పిల్లలు గుమ్మంలో ఒక పాటో, పద్యమో, జోకో చెప్తేనే చేతిలో ఏదైనా పడేది. అమెరికాలో ఆ షరతు పోయింది. సంచి తెరిచి నిలబడితే చాలు. మా ఇంటి దగ్గర మాత్రం పాట పాడితే రెండు చాక్‌లెట్లు. వీధి చివరింటి నాలుగేళ్ళ పాప కిందటేడు అక్షరాల పాట మొత్తం పాడి, మళ్ళీ మొదట్నించి అందుకుంది. ఆపడానికి నాలుగు చాక్‌లెట్లు ఖర్చయ్యాయి.

కానీ పప్పుబెల్లాలు చేత్తో తీసి చేతిలో పోసేవాళ్ళు. ఇక్కడ ఆ సంచిలో పడేవన్నీ సీలు వేసిన పొట్లాలే. నేను ప్రేమగా చేసిన కొబ్బరుండ వేస్తే ఆ పిల్లాడి తల్లి ఇంటికెళ్ళగానే చెత్తబుట్టలో పడేస్తుంది. నేను ఆమె స్థానంలో ఉన్నా అదే పని చేస్తాను. ఒకప్పుడు ఈ దేశంలోనూ ఇంట్లో చేసిన పేలాల ఉండలు, కారమెల్ యాపిళ్ళు పంచేవాళ్ళు. తర్వాత విషం భయం పట్టుకుంది. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1980లలో మొదలుపెట్టి ఇలాంటి వార్తలన్నీ తవ్వి చూస్తే, ముక్కూమొహం తెలియనివాళ్ళు పంచిన మిఠాయి తిని పిల్లలెవరూ చనిపోయిన దాఖలా దొరకలేదు. 1974లో టెక్సస్‌లో విషం కలిపిన మిఠాయి తిని చనిపోయిన పిల్లాడికి ఆ మిఠాయి పెట్టింది కన్నతండ్రే, ఇన్సూరెన్స్ డబ్బు కోసం. అయినా భయం పోలేదు. ఏడాదికోసారి ఊళ్ళో పిల్లలందరికీ తలుపులు తీసి, ఇంట్లో వండినది మాత్రం ఒక్కటి కూడా గడప దాటనివ్వని పండగ ఇది.

అందుకే చేతి వంట పిల్లల సంచుల్లోకి కాకుండా పెద్దవాళ్ళ పళ్ళేల్లోకి వెళ్ళాలి. పిల్లల వెనకాల చలిలో టార్చిలైటు పట్టుకుని నడిచే అమ్మానాన్నలకి ఆ పూట ఎవరూ ఏమీ పెట్టరు. మా గుమ్మం దగ్గర ఒక మడతబల్ల, దాని మీద వేడివేడి వింగ్స్, పక్కన టిష్యూ పేపర్లు. పేరు తెలియని ఇరుగుపొరుగు కూడా బల్ల దగ్గర ఆగుతారు. రెండు చేతులకీ సాసు అంటుకున్న మనిషి ఫోన్ తీయలేడు, మాట్లాడక తప్పదు.

ఇక రెక్కల సంగతి. మన ఊళ్ళలో కోడికూర వండితే లెగ్‌పీసులు అల్లుడికో, పిల్లలకో పోయాక, రెక్కముక్క ఎవరికి పడుతుందో మీకు తెలుసు, వండినావిడకి. ఇక్కడా అంతే. మెడలతో, వీపు ఎముకలతో కలిపి సూపులో మరగేసేవాళ్ళు. 1964లో బఫెలో మెయిన్ స్ట్రీట్‌లోని యాంకర్ బార్‌లో టెరెసా బెలిసిమో అనే ఆవిడ వాటిని పిండి పట్టించకుండా నూనెలో వేయించి, మిరపకాయల సాసు, వెన్న కలిపి పట్టించిందని ఊరి కథ. ఆ పక్కనే ఇంకో కథ కూడా ఉంది, దాన్ని తక్కువగా చెప్పుకుంటారు. అలబామా నుంచి వచ్చిన జాన్ యంగ్ అనే నల్లజాతీయుడు అదే కాలంలో ఇదే ఊళ్ళో రెక్కల్ని ముక్కలు చేయకుండా మొత్తంగా పిండి పట్టించి వేయించి, తనదైన ముంబో సాసుతో అమ్మేవాడు. ఊరు ఒకరికే పేరిచ్చింది. ఏదేమైనా సూపు గిన్నెలో పోవాల్సినవి బల్ల మీదకొచ్చాయి. 2021కల్లా ఎంత దూరం వచ్చాయంటే, దేశమంతా రెక్కలకి కరువొచ్చి ధర చుక్కలనంటింది. వింగ్‌స్టాప్ అనే కంపెనీ తొడముక్కలు అమ్ముకోవడానికి థైస్టాప్ అని ఇంకో పేరు పెట్టుకోవాల్సొచ్చింది. రెక్క ముందు లెగ్‌పీస్ పరువు పోయిన ఏడాది అది!

ఇంట్లో చేసే పద్ధతి చెప్తాను. మనవాళ్ళ ఇళ్ళలో ఒవెన్ అంటే మూకుళ్ళు దాచుకునే అర. ముందు వాటిని బయటకి తీయండి. రెక్కని కీళ్ళ దగ్గర మూడు ముక్కలు చేయాలి. భుజం వైపుది బుల్లి లెగ్‌పీస్‌లా ఉంటుంది, మధ్యలో రెండు సన్నటి ఎముకలున్నది ఫ్లాట్, చివరి కొసలు సూపుకి. తోలు తీయకండి. కోడి తోలు తీసేయడం మనకి బాగా అలవాటు, కానీ ఈ వంటకం అంతా ఆ తోలు మీదే నిలబడింది. రెండు కేజీలకి నాలుగు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, రెండు టీస్పూన్ల ఉప్పు. తడి బాగా తుడిచి, ఈ పొడి పట్టించి, జాలీ మీద పరిచి, మూతేమీ పెట్టకుండా ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేయాలి. తోలు ఎండి కాగితంలా అవుతుంది. బేకింగ్ పౌడర్ తోలుకి కాస్త క్షారగుణం ఇస్తుంది, అందువల్ల ఎర్రగా కాలుతుంది. అందులోంచి వచ్చే గ్యాసుకి సన్నటి బుడగలు లేచి కరకరలాడుతుంది. మర్నాడు 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు, తిరగేసి ఇంకో ఇరవై.

బేకింగ్ పౌడర్ అన్నాను, వంటసోడా కాదు. ఒకసారి నేను పనిలో ఉండి మా ఆయనకి చెప్తే, రెండూ తెల్ల పొడులే కదా అని వంటసోడా వేశాడు. అంత అందంగా కాలిన వింగ్స్ ఆ ముందూ ఆ తర్వాతా నేను చూడలేదు. కొరికితే బట్టలసబ్బు.

సాసుకి ఇక్కడివాళ్ళు వాడేది ఫ్రాంక్స్ రెడ్‌హాట్. నిలవబెట్టిన పండుమిరపకాయలు, వెనిగర్, ఉప్పు, వెల్లుల్లి. దాంట్లో దాదాపు అంతే వెన్న కరిగించి కలుపుతారు. అత్తయ్య మొదటిసారి దాన్ని చేతి మీద ఒక చుక్క వేసుకుని నాలిక్కి రాసుకుని, "ఇదేంటమ్మా, నీళ్ళు పోసిన కొరివికారంలా ఉంది" అన్నారు. ఆలోచిస్తే అదే. పండుమిరపకాయలు నూరి, ఉప్పేసి నిలవబెట్టిన పచ్చడి, పులుపు చింతపండుది కాకుండా వెనిగర్‌ది. అప్పటినుంచి మా ఇంట్లో వింగ్స్‌కి తెనాలి కొరివికారం రెండు చెంచాలు, వెన్న, కాస్త వేడినీళ్ళు, సగం నిమ్మకాయ. ఇక్కడికి దగ్గర్లో డఫ్స్ అనే వింగ్స్ హోటల్లో ఒక హెచ్చరిక ఉంటుంది, మీడియం అంటేనే కారం, హాట్ అంటే చాలా చాలా కారం అని. మా సాసు తిన్న ఎదురింటాయన ఆ బోర్డు మాకే ఇప్పిస్తానన్నాడు.

ఇంత చెప్పాక అసలు చిక్కు చెప్పాలి. అక్టోబర్ 31 ఎప్పుడు పడుతుందో చూడండి. 2021లో ఆదివారం, దీపావళి ఇంకా రాలేదు, నిశ్చింతగా తిన్నాం. 2022లో కార్తీక సోమవారం! అత్తయ్య వచ్చిన తొలి ఏడాది, ఆవిడ ఉపవాసం. 2023లో మంగళవారం, దీపావళి నవంబర్‌లో, సరే అన్నారు. 2024లో సరిగ్గా ఆ రోజే దీపావళి. గుమ్మానికి ఒకవైపు ప్రమిదలు, ఒకవైపు నవ్వే గుమ్మడికాయ, వాకిట్లో ముగ్గు. ముగ్గు తొక్కకుండా గెంతుకుంటూ వచ్చిన బుల్లి డ్రాక్యులాలని చూసి అత్తయ్య మురిసిపోయారు. పిల్లల బట్టల అంచులకి తగలకుండా ప్రమిదలన్నీ రెయిలింగ్ మీదకి మార్చాం. మాంసం ఊసే లేదు. ముందు ఆదివారం కానిచ్చేద్దామంటే అది ఏకాదశి అన్నారు. చివరికి ఆ ముందు బుధవారం రాత్రి, ఏ వేషమూ లేకుండా, స్కూలు హోంవర్కుల మధ్య తిన్నాం. ఈ ఏడాది మళ్ళీ కార్తీకం. "మీరు తినండమ్మా, నేనేమన్నా అన్నానా" అంటారావిడ. అనరు నిజమే. ఒకే ఒవెన్, ఒకే ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఆ మాటకి అర్థమేంటో కోడళ్ళకి తెలుసు.

ఆవిణ్ణి ఒప్పించడానికి వింగ్స్ చరిత్ర ప్రయోగించి దెబ్బతిన్నాను. టెరెసా కొడుకు డొమినిక్ చెప్పిన కథ ప్రకారం, ఆ రాత్రి శుక్రవారం. క్యాథలిక్కులు శుక్రవారం మాంసం ముట్టేవాళ్ళు కాదు. బార్‌లో జనం పన్నెండు గంటలెప్పుడవుతాయా అని కూర్చుంటే, శనివారం రాగానే వాళ్ళకి పెట్టడానికి ఏదైనా చేయమని అమ్మనడిగాడట. అలా పుట్టినవి వింగ్స్. అత్తయ్య విని, "అయితే వాళ్ళకీ వారాలున్నాయన్నమాట. పన్నెండయ్యేదాకా ఆగారా లేదా?" అన్నారు. ఆగారు. ఇంకా తవ్వితే ఇంకా ఘోరం బయటపడింది. నవంబర్ 1న వచ్చే సర్వ పరిశుద్ధుల పండగకి ముందు రోజు కాబట్టి ఐర్లండ్‌లో ఒకప్పుడు హాలోవీన్ నాడు మాంసం నిషేధం. అందుకే అక్కడి పాత హాలోవీన్ వంటలు బంగాళాదుంప, క్యాబేజీ కలిపిన కోల్కానన్, ఎండుద్రాక్ష వేసిన బార్మ్‌బ్రాక్ రొట్టె. అంటే హాలోవీన్ నాడు కోడి వద్దంటున్న మా అత్తయ్య, ఈ వీధి మొత్తంలో పండగని పద్ధతిగా చేసుకుంటున్న మనిషి. ఈ సంగతి ఆవిడకి నేనింకా చెప్పలేదు. ఈ వ్యాసం ఆవిడ చదవరని ఆశ.

ఈసారి వింగ్స్ బదులు కాలీఫ్లవర్ ప్రయత్నించాను. తోలు లేనిది కరకరలాడదు, ఎముక లేనిది చీకడానికుండదు. దానికి వింగ్స్ అని పేరు పెట్టడం అన్యాయం. నా అవస్థ చూసి అత్తయ్య కొంగు బిగించి మిరపకాయ బజ్జీలకి పిండి కలిపారు. ఎదురింటాయన వాటిని వింగ్స్‌కిచ్చే బ్లూ చీజ్‌లో ముంచుకుని తిన్నాడు. ఆ చీజ్ వాసనకి ముక్కు మూసుకున్న అత్తయ్య, ఆయన అయిదో బజ్జీ తీసుకునేసరికి చెయ్యి దించారు. మా అమ్మాయి దిష్టిబొమ్మ వేషం వేసింది. నాన్న పాత లుంగీ, గడ్డి, బొగ్గు మీసం. ఆడపిల్లకి దిష్టిబొమ్మ వేషమేంటని ముందు గోల చేసిన నాన్నమ్మే చివరికి లుంగీకి గడ్డి కుట్టిపెట్టారు, కోటు మీద పట్టేలా.

వాళ్ళు పడుకున్నాక పంచాంగం తీసి కూర్చున్నాను. 2026లో దీపావళి నవంబర్ 8న. హాలోవీన్ కార్తీకంలో పడదు. ఎగిరి గంతేయబోయి వారం చూశాను, శనివారం. వెంకటేశ్వరస్వామి. 2027, 2028 రెండూ కార్తీకంలోనే. ఏ అడ్డూ లేని రోజు 2029లో వస్తోంది, బుధవారం. అప్పటికి మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. అట్టపెట్టెలో దూరుతుందో లేదో గానీ, తేదీ మాత్రం ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను.